స్ఫటికము, శ్వాస, ఎంగిలి

పెండ్లి ముహూర్తములు ముమ్మరముగా నుండు దినములలో అడ్డతీగల వీధులలో బ్యాండు మేళము వినబడని పూట అరుదు. 1922వ సంవత్సరము అక్టోబరులో అల్లూరి సీతారామరాజు ముందుగా చెప్పి మరీ ముట్టడించిన ఠాణా గల ఈ మన్యపు టూరికి ఇప్పుడు మైదానమునుండి మేళగాండ్రు బస్సులలో వచ్చి, డోళ్లు దింపుకొని, పందిరిలో ఒక మూల చేరుదురు. అట్టి మేళములో క్లారినెట్టు వాయించు నొక నడివయసువాడు, అడ్డాకుల మోపులు పేర్చిన అరుగుమీద కూర్చుండి తన వాద్యమును విప్పి తుడుచుకొనుచుండగా నేను దగ్గర నిలిచి చూచితిని. అతని మౌత్‌పీసు ఎబొనైటుది. ఏండ్ల తరబడి ఎండయు ఉమ్మియు తగిలి, నలుపు విరిగి పాకుడువంటి రంగు తిరిగినది. పైభాగమున ముందరి పండ్లు రెండును ఆనుచోట గోటితో తడవిన తెలియునంత లోతుగా రెండు గుంటలు పడియున్నవి. అతడు రీడును నోట నుంచుకొని కొంతసేపు నానవేసి, వెలుతురునకు ఎత్తి కొన చూచి, పట్టీలో బిగించుచు, "గాజుదొకటి కొనుక్కోవాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నానండి. అది స్వచ్ఛం. దానికేమీ అంటదు" అనెను.

ఆ మాట అతడు వేదాంతమని తలంచి అనలేదు. ఉమ్మికి రంగు మారనిది, పంటిగాటు పడనిది కావలెనన్నంతవరకే అతని కోరిక. కాని, అన్నింటితో కూడియుండియు దేనిని అంటించుకొననిది ఒకటి కలదని, అదియే మన నిజస్వరూపమని బృహదారణ్యకము మొదలుకొని శంకర భగవత్పాదులవరకు ఎందరు చెప్పిరో, అట్లు చెప్పుటకు ఎందరు స్ఫటికమునే చేతికెత్తుకొనిరో తలంచినచో, అరుగుమీద పలికిన ఆ చిన్న మాటకు మన తత్త్వశాస్త్రమంతయు చుట్టరికము కలదని తోచును. నాదము శ్వాసవలన పుట్టును; శ్వాస ఊదువానిది. ఈ రెంటికి నడుమ ఒక వస్తువు నిలువక తీరదు. ఆ నడిమి వస్తువు తన గుణమును నాదమునకు పులుమునా, పులుమదా? పులుమునేని ఏ వస్తువు శుద్ధము? పులుమదేని శుద్ధవస్తువుకొరకు ఈ వెదకులాట యెందులకు? భక్తుడు విగ్రహమును గూర్చి, జ్ఞాని దేహమును గూర్చి, అర్చకుడు మడిబట్టను గూర్చి అడుగు ప్రశ్నయు ఇదియే. అయితే వారి ప్రశ్నకు కొలత దొరకదు. క్లారినెట్టువాని ప్రశ్నకు కొంత దొరకును. అందుచేతనే ఈ బొటనవ్రేలంతటి వస్తువును పట్టుకొని ఆ పెద్ద ప్రశ్నను విచారింపవలెనని నా తలంపు.

క్లారినెట్టు మన నేలలో పుట్టినది కాదు. 1700వ సంవత్సర ప్రాంతమున జర్మనీలోని నురెంబర్గు నగరమందు యోహాన్ క్రిస్టఫ్ డెన్నర్ అను వాద్యనిర్మాత దానిని రూపొందించెనని చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దిలో అది తంజావూరి నాట్యమేళములలో ముఖవీణ నిలుచు చోటికి వచ్చి నిలిచెను. ఇరువదవ శతాబ్దిలో తిరుచిరాపల్లి వాసియగు ఏ.కే.సీ. నటరాజన్‌గారి చేతిలో నిండు కచేరీ వాద్యమయ్యెను. 2008లో మద్రాసు సంగీత విద్వత్సభవారు ఆయనను సంగీత కళానిధిని చేయుటతో దాని పరాయితనము పూర్తిగా తీరినది. తెలుగునాట మాత్రము దాని బ్రతుకు సభలలోకంటె ఊరేగింపులలోను, సినిమా వాద్యబృందములలోను ఎక్కువగా గడచినది. సభ లేని వాద్యమునకు శాస్త్రకారుడు దొరకడు. దానిని గూర్చి మనవారు వ్రాసినది బహుస్వల్పము.

సన్నాయి పీకలో రెండు రేకులు ఒకదానినొకటి తాకి పలుకును. క్లారినెట్టున కట్లు గాదు. రేకు ఒక్కటే, అదియే రీడు; దాని కెదురుగా కదలని గోడ. ఆ గోడయే మౌత్‌పీసు. రీడు దానిపై వెల్లకిల పరుండినట్లుండి, కొనవద్దకు వచ్చుసరికి గోడ మెల్లగా వంపు తిరిగి ఎడమగును. ఊదగానే రీడు ఆ ఎడమును మూయుచు తెరచుచు గాలిని తునుకలు తునుకలుగా లోనికి విడుచును. ఆ తునుకలే లోపలి గొట్టములోని గాలిని ఊపి నాదము చేయును. ఆ ఎడము ఎంతయనగా ఒక మిల్లీమీటరునకు కొంచె మెక్కువ. ఫ్రాన్సు దేశపు వాండోరెన్ సంస్థవారి మౌత్‌పీసులలో 5ఆర్‌వి యను దానికి 1.065 మిల్లీమీటర్లు, బి45 అను దానికి 1.195 మిల్లీమీటర్లు. ఈ రెంటి భేదము మిల్లీమీటరులో ఎనిమిదవ పాలు మాత్రమే. అయినను ఒకదానికి అలవడిన పెదవి రెండవదానిని పట్టుకొన్నప్పుడు మొదటి శ్వాసకే ఇది వేరని కనిపెట్టును. ఇంత సూక్ష్మమైన చోట కూర్చున్న వస్తువు గనుకనే దానిని గూర్చి అంత చింత.

తొలుత మౌత్‌పీసులను కొయ్యతో చేసిరి. కొయ్య తడికి ఉబ్బును, ఎండకు వంగును. పందొమ్మిదవ శతాబ్ది నడుమ రబ్బరును గంధకముతో ఉడికించి రాతివలె గట్టిపరచుట తెలిసిన పిమ్మట ఎబొనైటు వచ్చి, నేటికిని అధికముగా వాడుకలో నున్నది. స్ఫటికపు మౌత్‌పీసులని మనము పిలుచునవి నిజమునకు మేలిరకపు గాజు. ఇటలీలోని పొమారికో వంటి నిర్మాతలు వానికి పేరుపొందిరి. తత్త్వవేత్తల స్ఫటికము భూగర్భమున పెరిగిన క్వార్ట్జు. అడ్డతీగల చుట్టునున్న కొండల శిలయగు ఖోండలైటులో నుండునదియు అదే. గాజునందలి అణువులకు దానియందలి వరుస లేదు. కాని మన విచారమునకు కావలసినది స్వచ్ఛత యొక్కటే గనుక ఈ భేదమును ఇంతటితో విడుచుచున్నాను.

స్ఫటికమును దృష్టాంతముగా చేసికొన్నవారిలో సాంఖ్యులు ముఖ్యులు. ఎఱ్ఱని మందారమును స్ఫటికము చెంత నుంచినచో స్ఫటికము ఎఱ్ఱనైనట్లు కనబడును. పువ్వును తొలగించినచో ఆ యెఱుపు పోవును. ఎఱుపు పువ్వుది, స్ఫటికమునకు సోకినట్లు తోచుట సాన్నిధ్యమువలన కలిగిన భ్రాంతి. పురుషునియందు సుఖదుఃఖములు ఇట్లే తోచునని వారి సిద్ధాంతము. బ్రహ్మసూత్ర భాష్యమున శంకరులు లత్తుక రంగు దగ్గరనున్నంత మాత్రమున స్వచ్ఛమైన స్ఫటికము మలినము కాబోదని ఈ దృష్టాంతమునే బ్రహ్మవస్తువునకు అన్వయించిరి. పతంజలి వేరొక వైపునుండి వచ్చెను. ఆయనకు స్ఫటికము పురుషునకు కాక చిత్తమునకు ఉపమానము: వృత్తులు క్షీణించిన చిత్తము జాతిమణివలె దేనిని ఆశ్రయించిన దాని రూపము దాల్చునని సమాపత్తిని వర్ణించినప్పుడు, అంటకుండుట కాదు, అడ్డుపడక పట్టి చూపుటయే ఆ మణికి గొప్పతనమయ్యెను.

ఈ రెండు దృష్టాంతములకు గల వ్యత్యాసమును తేలికగా దాటరాదు. సాంఖ్యుని స్ఫటికము తనను తాను కాపాడుకొనునది. యోగి స్ఫటికము తన్ను తాను ఇచ్చుకొనునది. వాద్యకారుడు కోరునది ఏది? అతడు "దానికేమీ అంటదు" అనునప్పుడు మొదటిదానిని కోరినట్లున్నను, పందిరిలో నిలుచుండి ఊదునప్పుడు అతనికి కావలసినది రెండవదియే: తన శ్వాసయందున్న దంతయు, తగ్గక హెచ్చక, అవతలికి పోవలెను. మన ధర్మచింతనలో ఈ రెండు కోరికలు ఎల్లప్పుడును ఒకదాని వేషము నొకటి వేసికొని తిరుగుచునే యున్నవి. అంటరానితనమునకు పవిత్రత యని పేరు పెట్టుకొని మొదటిదానిని పట్టినవారు, తాము పట్టినది రెండవదియని నమ్మినంతవరకు హృదయమున శాంతముగా నుండగలిగిరి.

పడమటి దేశములవారు ఈ ప్రశ్నను కొలతకు దించిరి. 1909లో డేటన్ మిల్లర్ అను అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు జింకు రేకుతో రెండు గోడలు గల చతురస్రపు ఆర్గన్ గొట్టమును చేయించి, గోడల నడుమ నీరు నింపుచు ఊదించి, నీరు పెరిగినకొలది నాదము మారుటను లోకమునకు చూపెను. ద్రవ్యము నాదమునకు అంటునని నమ్మినవారికి ఇది గొప్ప ఊత. కాని అది పలుచని పలకల గొట్టము. లోపలి గాలి ఊపునకు పలక తానుగా ఊగగలదు. గుండ్రని దళసరి గొట్టమున కట్టి చాపల్యము లేదు. 1964లో జాన్ బాకస్ వాద్యముల గోడలు ఎంత కంపించునో కొలిచి, నిలుకడగా సాగు నాదము యొక్క గుణమునందు ఆ కంపము లెక్కకు వచ్చునంతటిది కాదని తేల్చెను. 1971లో జాన్ కోల్ట్‌మన్ లోపలి కొలతలు ఒక్కటిగానుండి, వెండితో నొకటి, రాగితో నొకటి, కొయ్యతో నొకటి మూడు వేణువులను చేయించి, ఊదుచోటును మూటికి ఒకే తీరున అమర్చి, వాయించు నేర్పరులకును వినువారికిని పరీక్ష పెట్టెను. ఏది వెండియో ఏది కొయ్యయో ఎవరును పోల్చలేకపోయిరి.

దీనివలన తేలినదేమి? నాదమును తీర్చునది గోడ కాదు. గోడ హద్దు కట్టిన లోపలి ఖాళీ. రీడు కెదురుగా నున్న పైతలము పల్లముగా నున్నదా మిట్టగా నున్నదా, లోపలి గది ఇరుకా విశాలమా, అంచులు వాడియా మొద్దా, వంపు ఎచ్చట మొదలై ఎంత మెల్లగా సాగినది, ఇవి నాదమును మార్చును. ఇవియే సరిగా ఒక్కటైనచో గాజును ఎబొనైటును దూరమున నున్న శ్రోత వేరు చేయలేడు. గౌడపాదులు మాండూక్య కారికలలో ఘటాకాశమును గూర్చి చెప్పినది ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. కుండలోని ఆకాశమును మనము కుండపేర పిలుతుము. కుండ మట్టిదైనను బంగారుదైనను లోపలి ఆకాశమునకు ఆ మట్టియు లేదు, ఆ బంగారమును లేదు. అయినను నీరు పోసినప్పుడు చిన్నకుండలో కొంచెము, పెద్దకుండలో ఎక్కువ పట్టుచున్నది గదా! ద్రవ్యము అంటదు, ఆకృతి అంటును. ఉపాధి యనునది సత్యమునకు సోకదన్నవారును సోకునన్నవారును ఇద్దరును ఈ ఒక్క విభాగమును చేయక వాదించిరని నాకు చాలకాలముగా తోచుచున్నది. వెండిగిన్నెలో వండిన నైవేద్యము, పట్టుబట్ట కట్టిన పూజ, ఉత్తమ వంశమున పుట్టిన పురోహితుడు: వీనియందెల్ల మనము విచారించినది ద్రవ్యమును. ఊదుచోట వంపు సరిగానున్నదా యని విచారించినవారు తక్కువ. నడవడి, శ్రద్ధ, సత్యము, ఇతరుని మాట వినగల ఓర్పు, ఇవి మనుష్యుని లోపలి కొలతలు; వీనిని చెక్కి తీర్చుకొనవచ్చును, పుట్టుకతో రానక్కరలేదు.

కాని వాద్యకారులు ఈ పరీక్షలకు తలయూపరు. గాజుది వేరుగా పలుకునని, అందు ఒక తళుకు కలదని ప్రమాణముచేసి చెప్పుదురు. వారు అబద్ధమాడుటలేదు. క్లారినెట్టు ఊదునప్పుడు పైపండ్లు మౌత్‌పీసుమీద ఆనియుండును. దాని కంపము పంటిగుండ ఎముకలోనికి, ఎముకగుండ చెవిలోనికి నేరుగా పోవును. ఈ దారి ఊదువానికి మాత్రమే కలదు. ఎదుట కూర్చున్నవానికి లేదు. గట్టి వస్తువు పంటికి ఒకతీరుగా, మెత్తని వస్తువు ఒకతీరుగా తగులును. కావుననే గాజుమీద పళ్లు జారునని, అదరునని, ఒక చిన్న రబ్బరు తునకను అంటించుకొనువారు కలరు. ఆ తునకతోనే ఊదువానికి నాదము మారినట్లుండును, సభకు మారదు. మందారపు ఎఱుపు ఇచ్చట స్పష్టముగా దొరకినది: సాన్నిధ్యమే దానికి కారణము. మౌత్‌పీసుకు మిక్కిలి దగ్గర నున్నవాడే దాని రంగును చూచుచున్నాడు, చూచినది నాదమునకు ఆరోపించుచున్నాడు.

ఐతే దీనిని భ్రాంతియని కొట్టివేయుటకు నాకు మనసొప్పదు. తన ఎముకలో మంచిగా మ్రోగుచున్నదని నమ్మినవాడు భయము విడిచి ఊదును. అతని గొంతు బిగువు సడలును, శ్వాస నిండుగా వచ్చును, అప్పుడు సభకును నాదము మారును. అనుభవము అద్వైతికిని ప్రమాణమే. సాధకుడు తన ఇష్టదైవము విగ్రహమును పంచలోహముతో కావలెనని కోరుకొన్నప్పుడు, లోహము దేవుడు కాదని చెప్పుట మనకు సులభము. ఆ లోహము ఎదుట అతని మనసు కుదుటపడుచున్నదను మాటను త్రోసివేయుట సులభము కాదు, న్యాయమును కాదు. ఒక్కటి మాత్రము అడుగవచ్చును: తన ఎముకలో మ్రోగినది తనకేయని అతడు ఎరిగియుండవలెను, ఇతరుల విగ్రహము మట్టిదని కించపరుపరాదు.

ఇక ద్రవ్యమునకు బొత్తిగా పనిలేదా? ఉన్నది, అది రంగు వేయుట కాదు, ఆకృతిని నిలబెట్టుట. ఎబొనైటు ఏండ్లు గడచినకొలది రీడు తాకుడుకు, తుడుపునకు, వేడికి కొంచెము కొంచెముగా అరిగి వంపు మారును. మారినదని ఊదువానికి తెలియదు. పెదవి దానితోపాటే మారుచుండును గనుక. గాజు అట్లు అరుగదు. చేసినవాడు ఏ వంపు తీర్చినాడో పదేండ్లకును ఆ వంపే యుండును. ధర్మము ధరించునది యని మన పెద్దలు చెప్పినది గాజు విషయమున అక్షరాల తగును. స్ఫటికపు మౌత్‌పీసును ఎన్నుకొనుటకు నాకు కనబడు నిజమైన హేతువు ఇదొక్కటే, ఇది చిన్న హేతువు కాదు.

న్యాయసూత్రముల మూడవ అధ్యాయమున ఈ నిలుకడనుగూర్చి ఒక చక్కని వాదము కలదు. బుద్ధి వేరువేరుగా తోచుట స్ఫటికము వేరువేరు రంగులుగా తోచుటవంటిదని ఒకరందురు. క్షణికవాది లేచి, మీ స్ఫటికము మాత్రము నిలుకడగా నున్నదని ఎవరు చెప్పిరి, అదియు క్షణక్షణము పుట్టి నశించుచున్నదే యనును. నైయాయికుడు దానికి బదులిచ్చుచు, దేహాదులయందు పెరుగుట తరుగుట కనబడుచున్నది గనుక అచ్చట మార్పు నొప్పుకొందుము, శిలయందు అది కనబడలేదు గదా యని పట్టుబట్టును. నైయాయికుని పక్షము వహించుటకు గాజు మౌత్‌పీసు మంచి సాక్షి. కాని ఆ సాక్ష్యమునకు వెల యున్నది. ఎబొనైటు వంపు తప్పినచో నేర్పుగలవాడు గాజుపలకమీద అతిపలుచని రేకులతో కొలిచి, గరుకు కాగితముమీద మెల్లగా రాచి మరల తీర్చగలడు. గాజును అట్లు తీర్చుట మిక్కిలి కష్టము, కొనుక్కొన్న వంపుతోనే బ్రతుకవలెను. క్రిందపడినచో ఎబొనైటు కొన చితికినను మిగులునది కొంత యుండును, గాజునకు రెండవ అవకాశము లేదు. అరుగనిదానికి దిద్దుబాటును లేదు. శాస్త్రమును గాజువలె కాపాడదలచినవారు ఈ సంగతిని ఎంతవరకు ఆలోచించిరో నేను చెప్పలేను. పగిలిన తరువాతనే ఆలోచించినవారు చరిత్రలో అనేకులు.

నోటితో ఊదు వాద్యమును గూర్చి మాటలాడుచు ఎంగిలిమాట దాటవేయుట నిజాయితీ కాదు. తంత్రీవాద్యమును పట్టినవారికి కలిగిన గౌరవము ఊదువారికి కలుగలేదు. గుడిలో మంగళవాద్యము లేక స్వామికి మేలుకొలుపు లేదు, పెండ్లిలో తాళికి ముహూర్తము లేదు. అయినను ఆ మంగళమును తన ఊపిరితో పుట్టించువానిని గర్భాలయమునకు దూరముగా, పంక్తికి దూరముగా నుంచిన కాలము మనకు దూరము కాదు. నోరు తగిలినది ఎంగిలి యని చెప్పినవారే శంఖమును నోటనుంచి ఊదిరి. మురళిని మోవిని చేర్చిన స్వామినే పూజించిరి. నోరు మారలేదు, వాద్యము మారలేదు, మనిషి కులము మారినది.

ద్రవ్యశుద్ధిని గూర్చి మనుస్మృతి ఐదవ అధ్యాయమున చెప్పిన పద్ధతి ఎంత విచక్షణ గలదో చూడుడు. లోహమును, మణిని, రాతిని బూడిదతో, నీటితో, మట్టితో శుద్ధి చేయవచ్చును. కొయ్యను చివ్వి శుద్ధి చేయవలెను. మట్టిపాత్రను మరల కాల్చవలెను. ఏ వస్తువు దేనిని ఎంతలోతుగా పీల్చుకొనునో దానికి తగిన శుద్ధి అది. ఈ లెక్కకు స్ఫటికపు మౌత్‌పీసు కడు పవిత్రము: కడిగిన చాలును. రాతికి నీరు చాలునని ఒప్పిన శాస్త్రము, ఆ రాతికి పెదవి ఆనించిన మనిషికి గంగానదియంతయు చాలదని చెప్పినప్పుడు, దాని విచక్షణ ఎచ్చటికి పోయెనని దుఃఖముతో అడుగవలసియున్నది. అడ్డతీగల అరుగుమీద ఆ క్లారినెట్టువాడు అంటనిది కావలెనని కోరుకొనుటలో పంటిగాట్ల చింతకంటె ఎక్కువది ఏదో కలదని నా అనుమానము. తరతరములుగా తన ఊపిరియే మైలయని విన్న కులములలో పుట్టినవానికి, తన నోట పెట్టుకొన్నను మైలపడని వస్తువొకటి లోకమున నున్నదనుట ఎంత ఊరటయో, ఆ మాట వినని కులములలో పుట్టినవారము మనము ఊహింపజాలము.

ఈ మన్యమున శబరి కథ వేరుగా వినబడును. శబరి పేరుగల నది ఈ కొండల పడమటిదిక్కున పారి కూనవరమువద్ద గోదావరిలో కలియుచున్నది. వాల్మీకి అరణ్యకాండలో శబరి పండ్లను కొరికి చూచిన మాట లేదు. ఆమె వనమున దొరకు పండ్లను రామునకై కూర్చి యుంచిన మాటయే యున్నది. కొరికి చూచుట తరువాతి భక్తులు చేర్చినది. దానిని కల్పనయని తక్కువ చేయువారు ఈ కొండలలోని కొత్త పండుగను చూడవలెను. మామిడికాయ గాని, చిక్కుడు గాని, సామలు గాని, కొత్తగా వచ్చినది ఏదైనను దేవతకు, పెద్దలకు పెట్టి పండుగ చేసికొనకముందు నోట వేసికొనరాదని ఇచ్చట కట్టుబాటు. చెట్టునిండ కాయలు వ్రేలాడుచున్నను పండుగ వచ్చువరకు పెద్దలు ముట్టరు, ఆకలిగొన్న పిల్లలను ఆపుదురు. ఇట్టి కట్టుబాటులో పెరిగిన కొండజాతి ఆడది దేవుని పండును ముందుగా తాను కొరికినదనగా, అది మర్యాద తెలియక చేసిన పని కాదు. మర్యాదను ఎముకలవరకు ఎరిగియుండి, పులుపుపండు పెట్టుటకంటె నియమము తప్పుటయే మేలని నిశ్చయించుకొని చేసిన పని. పండు తీపియో కాదో చూచినంతమాత్రమున తెలియదు. నాలుకకే తెలియును.

మౌత్‌పీసు ఎన్నిక అట్టిదే. అద్దాల బీరువాలో ఎంత మెరసినను దాని సంగతి కన్ను చెప్పదు, పత్రికలోని కొలతల పట్టికయు చెప్పదు. నోట నుంచి ఊదవలెను, ఎంగిలి చేయవలెను. దైవమునకు సమర్పింపదలచిన నాదమును ముందు తన నోటితో రుచి చూడక సమర్పించు దారి ఊదువారికి లేదు. వైణికుడు తీగెను వ్రేలితో మీటి చూచినట్లు వీరు పెదవితో చూచుచున్నారు; దానిని మైలయని ఎట్లనుట? శబరి విషయమున రాముడు ఆలోచింపనిదానిని ఆయన పేర గుడులు కట్టినవారు ఆలోచించిరి.

ఇక కొనదలచినవారికి నాకు తోచినంత చెప్పుదును. ఒకే వంపు, ఒకే ఎడము గల గాజుదానిని, ఎబొనైటుదానిని తెచ్చుకొని ఒకే రీడుతో ఊదిచూడవలెను. కొలతలు వేరైనచో ఆ పోలికకు విలువలేదు. మొదట తాను విని తన ఎముక చెప్పినది జ్ఞాపకముంచుకొనవలెను. పిదప సంగీతము తెలిసిన మిత్రుని ఇరువది అడుగుల దూరమున వీపు త్రిప్పి నిలువబెట్టి, ఏది ఏదో చెప్పక వినిపింపవలెను. ఆయన తేడా లేదన్నచో విచారపడనక్కరలేదు. పెదవికి ఏది నిమ్మళముగా నున్నదో దానిని తీసికొనవలెను. ఇంటిలోను కచేరీలోను వాయించువారికి, వస్తువును జాగ్రత్తగా పెట్టుకొను చేతికి, గాజు మంచిది. బస్సెక్కి దిగుచు, ఊరేగింపులో జనము త్రోయుచుండగా నడచుచు వాయించువారికి ఎబొనైటుదే, కాని వంపు సరిగా తీర్చిన కొత్తదానినే, నేను చెప్పుదును. వారి వాద్యము వారి భుక్తి గనుక. మన్యపు చలికాలపు ఉదయములలో గాజు మంచుగడ్డవలె పెదవికి తగులును, ఊపిరి చెమ్మ లోపల త్వరగా పేరుకొనును. అరచేత కొంతసేపు పట్టుకొని వెచ్చచేసి మొదలుపెట్టవలెను. వాయించిన పిమ్మట చల్లని నీటితో కడిగి ఆరబెట్టవలెను. వేడినీరు రెంటికిని శత్రువే. ఎబొనైటు వంగును, గాజు బీటవారును.

అన్నింటికంటె ముఖ్యముగా రీడును గూర్చి శ్రద్ధ తీసికొనవలెను. దక్షిణ ఫ్రాన్సున సముద్రతీరపు వార్ మండలములో పెరుగు రెల్లుజాతి గడ్డినుండి చాలవరకు వానిని చేయుదురు. గడ్డి గనుక ఒక పెట్టెలోని రెండు రీడులు ఒక్కతీరుగా పలుకవు. నిన్న పలికినది నేడు పలుకదు. కొన్ని వారములకే మెత్తబడి పనికిరాకపోవును. గాజునకు లేని రంగు, ఎబొనైటునకు లేని రంగు, నాదమునకు నిజముగా పూయునది ఈ రేకే. సాంఖ్యుని దృష్టాంతమును ఈ వాద్యమునకు సరిగా అమర్చవలెనన్న, మందారము రీడు. వేలకువేలు పోసి స్ఫటికమును కొన్నవాడు అరిగిన రీడును మార్చుకొనుటకు వెనుకాడినచో, అతని నాదమున వినబడునది ఆ వాడిన పువ్వు రంగే.